కనుబొమ్మల అడంగల్

ప్రభుత్వానికి కోపం వస్తే ప్రజలకు వెంటనే తెలుస్తుంది. ప్రజలకు కోపం వచ్చిందో లేదో తెలియాలంటే మాత్రం ప్రభుత్వం ఒక సంస్థను పెట్టుకుని సర్వే చేయించుకోవాలి. అలా చేయించుకున్న సర్వేలో, ప్రభుత్వ కార్యాలయాల మెట్లెక్కేవాళ్లలో నూటికి డెబ్భై ఒక్కమంది భయపడుతూ ఎక్కి, తిట్టుకుంటూ దిగుతున్నారని తేలింది. ఎందుకన్నది సర్వే చేసినవాళ్లకు అంతుపట్టలేదు. పనులు కాకపోవడం వల్ల కావచ్చునని వాళ్లలో ఒక చిన్న ఉద్యోగిని అన్నదట. ఆమెను వేరే పనిమీద వేరే ఊరు పంపించేశారు. తర్వాత ఎనిమిది నెలలు కష్టపడి, రెండు వందల ఆఫీసుల్లో కుర్చీల్లో ఉన్నవాళ్ల ఫొటోలు పెద్దవి చేసి చూసి, అసలు కారణం పట్టుకున్నారు. యాభై దాటిన మగ ఉద్యోగుల కనుబొమ్మలే దీనికంతటికీ మూలం.

వయసు మళ్లిన మగవాడి తలవెంట్రుక బుద్ధిగా రాలిపోతుందనీ, కనుబొమ్మ వెంట్రుక మాత్రం ఎదురుతిరిగి పెరుగుతుందనీ, పెరిగి కిందికి వంగుతుందనీ, దానివల్ల ఆ మనిషి ఎదుటివాణ్ని కసురుకుంటున్నట్టు కనిపిస్తాడనీ నివేదికలో రాశారు. నిజంగానే కసురుకుంటున్నాడేమోనన్న ఊహ నివేదికలో ఎక్కడా లేదు. దాంతో 'సుముఖం' అనే పథకం పుట్టింది. "యాభై సంవత్సరములు పైబడిన పురుష ఉద్యోగులెల్లరు తమ కనుబొమ్మలను ఎనిమిది మిల్లీమీటర్లకు మించకుండ కుదించుకొని, ప్రజలకు ప్రసన్నులై కనిపించవలెను" అని ఉత్తర్వు బయల్దేరింది.

అది ఏటిపాలెం భూముల సర్వే కార్యాలయానికి జూన్ రెండో తారీఖున చేరింది. సూపరింటెండెంటు పుండరీకాక్షం గారు దాన్ని నిలబడి, గొంతెత్తి చదివారు. చదవడం అయ్యాక గదిలో ఉన్న పదకొండుమందీ తలలు తిప్పి హెడ్ డ్రాఫ్ట్స్‌మన్ తాళ్లూరి కోటిలింగం వైపు చూశారు.

కోటిలింగానికి యాభై తొమ్మిదేళ్లు. పొలాల పటాలు గీయడం, పాత పటాలకు నకళ్లు తీయడం ఆయన పని. నలభై ఏళ్ల వయసు దాకా ఆయన కనుబొమ్మలు ఊళ్లో అందరి కనుబొమ్మల్లాంటివే. యాభై దాటాక నెత్తిమీది జుట్టు ఇల్లు ఖాళీ చేసి, దిగొచ్చి కనుబొమ్మల్లో కాపురం పెట్టింది. ఒక్కో వెంట్రుకా చీపురుపుల్లలా మొండికేసి నిలబడేది. రెండూ ముక్కు మీద కలిసిపోయి ఒకటే అయ్యాయి. అయినా ఆయనకు వాటిమీద ప్రేమా లేదు, పగా లేదు. నెలకోసారి క్షవరం అయ్యాక, "ఆ పొదలు కూడా కాస్త కొట్టెయ్యవయ్యా ఏడుకొండలూ" అనేవాడు. ఏడుకొండలు దువ్వెన అడ్డం పెట్టి నాలుగుసార్లు కత్తెర ఆడించేవాడు. రెండు నిమిషాల పని.

ఆ రెండు నిమిషాల పనితో ఇప్పుడు ఆయనకు పెద్ద అవసరమే పడింది. కుడికంట్లో శుక్లం ముదిరి ఏడాది దాటింది. ఎడమకన్నూ అదే దారిన పోతోంది. పటం మీద హద్దురాయి గుర్తేదో, ఈగ వేసిన చుక్కేదో తెలియడం లేదు. ఊళ్లోని ధర్మ కంటి ఆసుపత్రిలో డాక్టరు సుభాషిణి గారు జూన్ పద్దెనిమిదిన ఆపరేషను రాశారు. రాస్తూ రాస్తూ, "ఈ వెంట్రుకలు కంట్లోకి వేలాడుతున్నాయి. కట్టు అంటుకోదు, చీము పట్టినా పడుతుంది. శుభ్రంగా కత్తిరించుకుని రండి, లేకపోతే బల్ల ఎక్కనివ్వను" అని గట్టిగా చెప్పారు. అందుకే ఉత్తర్వు విని పదకొండుమందీ జాలిపడుతుంటే కోటిలింగం మాత్రం సంతోషించాడు. స్వామికార్యం, స్వకార్యం ఒక్క కత్తెరతో అయిపోతాయి.

"మధ్యాన్నం భోజనానికెళ్లి వచ్చేటప్పుడు కొట్టించేసుకొస్తానండి" అన్నాడు.

పుండరీకాక్షం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ముప్పై ఏళ్ల సర్వీసులో ఇంత బాధ్యత లేని మాట ఆయన వినలేదు.

"కొట్టించేసుకొస్తారా? ఎంతుందో రికార్డు చెయ్యకుండా కొట్టించేసుకుంటే, తగ్గిందనడానికి రుజువేదండీ? రేపు తనిఖీకొచ్చినోళ్లు 'ఈయనకి మొదట్నించీ ఇంతే' అని రాస్తే జవాబెవడు చెప్తాడు, మీరా నేనా? ఇది సర్వే ఆఫీసండీ కోటిలింగం గారూ. కొలవనిదేదీ ఇక్కడ లేనట్టే లెక్క."

అందరికీ ఆ మాట సబబుగా తోచింది. కోటిలింగానికి కూడా సబబుగానే తోచింది. ఆ ముక్కే ఆయన ముప్పై నాలుగేళ్లుగా రైతులకు చెబుతున్నాడు.

కొలవడానికి సర్వేయరు సన్యాసిరాజు గొలుసు మోసుకొచ్చాడు. సర్వే గొలుసంటే అరవై ఆరడుగుల పొడవు, నూరు లింకులు. ఒక్కో లింకు ఇంచుమించు ఎనిమిది అంగుళాలు. కొలత గొలుసుతోనే తీయాలనీ, అర లింకు లోపున్నదాన్ని సున్నాగా వేసుకోవాలనీ నిబంధన. ఇద్దరు గొలుసు కొసలు పట్టుకుని వరండా ఈ చివర ఒకరూ ఆ చివర ఒకరూ నిలబడ్డారు. మధ్యలో కోటిలింగం మొహం పెట్టి కూర్చున్నాడు.

"ఎడమది సున్నా, కుడిది సున్నా" అని రాసుకున్నాడు సన్యాసిరాజు.

"అంటే నాకు కనుబొమ్మలు లేనట్టేనా?" అన్నాడు కోటిలింగం ఆశగా.

"రికార్డు ప్రకారం లేవండి."

"అయితే మరింకేం. కొట్టించేసుకుంటాను."

"లేనివాటిని ఎలా కొట్టించుకుంటారండీ!" అన్నారు పుండరీకాక్షం గారు.

ఈ చిక్కుముడి డివిజనల్ అధికారి వజ్రపాణి గారి దగ్గరకు వెళ్లింది. వజ్రపాణి గారు మాట్లాడినా ఉత్తర్వులాగే మాట్లాడతారు. ఇంట్లో మంచినీళ్లు కూడా 'తగు చర్య నిమిత్తం' అడుగుతారని ఆయన డ్రైవరు చెబుతాడు. ఆయన పావుగంట ఆలోచించి, "పై ఉత్తర్వునందు మిల్లీమీటరు అను పదము వాడబడియున్నది గనుక, ఈ ఒక్క సందర్భమునకు గొలుసును మినహాయించుటకు మేము సమ్మతించుచున్నాము" అన్నారు. అప్పుడు కోటిలింగం బల్లమీది స్కేలే తీసి కోటిలింగానికే పెట్టి చూశారు. అన్నిటికన్నా పొడుగు వెంట్రుక ముప్పై ఒక్క మిల్లీమీటర్లు.

అక్కడికి ఆగినా బాగుండేది. కానీ కొలిచినదాన్ని ఏదో ఒక ఫారంలో ఎక్కించాలి కదా. కనుబొమ్మల ఫారాలు ఇంకా అచ్చుకాలేదు. ఆఫీసులో గుట్టలుగా ఉన్నవి అడంగల్ ఫారాలు, అంటే ఏ పొలం ఎవరిదో, ఎవరు సాగు చేస్తున్నారో, ఏ పంట వేశారో రాసుకునేవి. ఫారం కోసం పని ఆపడమేమిటని పుండరీకాక్షం గారు వాటిలోనే ఎక్కించమన్నారు. సన్యాసిరాజు రాయడం మొదలుపెట్టాడు. ఎడమ కనుబొమ్మ ఒకటో నంబరు, కుడిది రెండో నంబరు. రెండూ కలిసిన చోట ఏం రాయాలో తోచక 'వివాదాస్పదం' అని రాశాడు. హద్దుల దగ్గర ఉత్తరం నుదురు, దక్షిణం కళ్లు అని వేశాడు. కోటిలింగం ఎటు తిరిగి కూర్చున్నా ఉత్తరం నుదురే. నీటి వనరు అన్నచోట 'తలస్నానం' అని రాసి, కొట్టేసి, 'వర్షాధారం' అని దిద్దాడు. పంట అన్నచోట 'వెంట్రుకలు' అని రాశాడు. యజమాని పేరు దగ్గరకొచ్చేసరికి కలం ఆగిపోయింది.

"యజమాని నేనే కదయ్యా" అన్నాడు కోటిలింగం.

"తొందరపడరాదు" అన్నారు వజ్రపాణి గారు. "ఈ కనుబొమ్మలు ప్రైవేటు ఆస్తి యగునేని, వాటిపై ఉత్తర్వు జారీచేయుటకు ప్రభుత్వమునకు అధికారము లేదు. ఉత్తర్వు జారీయైనది గనుక, అవి ప్రభుత్వ ఆస్తియే యని తేటతెల్లమగుచున్నది."

ఆ తర్కానికి పుండరీకాక్షం గారు కళ్లనీళ్లు పెట్టుకున్నంత పని చేశారు. యజమాని: ప్రభుత్వం. అనుభవదారు: తాళ్లూరి కోటిలింగం. కింద ఎర్రసిరాతో, 'తుది ఉత్తర్వులు వెలువడు వరకు యథాతథ స్థితి. ఎట్టి మార్పులు చేయరాదు' అని వజ్రపాణి గారు సంతకం పెట్టారు. ఒక ప్రతి ఏడుకొండలుకు పంపారు. ఏడుకొండలు దాన్ని షాపులో దేవుడి పటం పక్కన అంటించి, ఆ రోజు నుంచి కోటిలింగం రోడ్డుమీద కనిపిస్తే కత్తెర జేబులో దాచుకునేవాడు.

జూన్ పద్దెనిమిదిన కోటిలింగం ఆసుపత్రికి వెళ్లాడు. డాక్టరు గారు ఆయన మొహం చూసి ఫైలు మూసేశారు. జూలై ఇరవై మూడు అని ఇంకో తేదీ ఇచ్చారు.

ఇంటికొచ్చి విషయం చెబితే భార్య మంగతాయారు నమ్మలేదు.

"గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు గానీ, గొడ్డలికి కూడా నోటీసిస్తారని నాకు తెలీదు బాబూ" అంది. "ఇటు తిరగండి. వంటింట్లో కత్తెరుంది, నేను కత్తిరించి పారేస్తాను. ఎవడొచ్చి అడుగుతాడో నేనూ చూస్తాను."

"ఒసే, వద్దే! సర్కారు ఆస్తే అది!" అని కోటిలింగం రెండు చేతులూ కనుబొమ్మలకు అడ్డం పెట్టుకున్నాడు. "రికార్డులో ఎక్కిందాన్ని చేత్తో ముట్టుకుంటే సస్పెన్షనే. ఫైలు పైకెళ్లింది. వారంలో వచ్చేస్తుంది."

ఫైలు నిజంగానే పైకి వెళ్లింది. ఏటిపాలెం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి పెద్దాఫీసుకు వెళ్లి, నలభై రోజుల తర్వాత తిరిగొచ్చింది. అనుమతి రాలేదు. ఒక ప్రశ్న వచ్చింది. 'మీరు పంపిన కొలత ముప్పై ఒకటి. ఫైలు మా బల్లమీదకు వచ్చిన నాడు తెప్పించుకున్న ఫొటోలో ముప్పై ఆరు. ఈ అయిదు మిల్లీమీటర్ల అక్రమ విస్తరణకు బాధ్యులెవరు?' బాధ్యులెవరో వెతకక్కర్లేకుండా అనుభవదారు పేరు ఫారంలోనే ఉంది. కోటిలింగానికి మెమో ఇచ్చారు.

'మహారాజశ్రీ అధికారి వారి సన్నిధికి' అని మొదలుపెట్టి ఆయన సంజాయిషీ రాసుకున్నాడు. 'సదరు విస్తరణ నేను చేసినది కాదు. నేను నిద్రపోవుచుండగా దానంతట అదే జరిగినది.' కింద పుండరీకాక్షం గారు తమ అభిప్రాయం కలిపారు: 'నేరము అంగీకరించుచున్నారు. కాపలాలో అలక్ష్యము కనబడుచున్నది.'

మళ్లీ కొలిచారు. ముప్పై ఆరని పంపారు. అది పైకి చేరేసరికి నలభై ఒకటైంది. ప్రభుత్వం నడిచే వేగం కంటే కోటిలింగం కనుబొమ్మ పెరిగే వేగం ఎక్కువని తేలింది. దీన్ని ఎవరూ పట్టించుకోలేదు. జూలై ఇరవై మూడు కూడా వెళ్లిపోయింది. వెంట్రుకలు కళ్లకు పరదాలయ్యాయి. ఆయన పటం చూడాలంటే ఎడమచేత్తో కనుబొమ్మ ఎత్తిపట్టి, కుడిచేత్తో కలం పట్టాల్సి వస్తోంది. చూడలేక మంగతాయారు తన తలపిన్నులు రెండు పెట్టి వాటిని పైకి లేపి కట్టింది. ఆ మధ్యాహ్నమే రెండో మెమో వచ్చింది. ప్రభుత్వ స్థలంలో అనుమతి లేకుండా కంచె వేసినందుకట.

ఆగస్టు మొదట్లో మంగతాయారుతో కలిసి మళ్లీ ఆసుపత్రికి వెళ్తే, డాక్టరు సుభాషిణి గారు కంట్లోకి దీపం వేసి చాలాసేపు చూశారు.

"కోటిలింగం గారూ, నేను మీ ఆఫీసు సంగతులు వినను. శుక్లం పండిపోయింది. ఇంకా నాన్చితే లోపల పగిలి, ఒత్తిడెక్కి నరం చచ్చిపోతుంది. నరం పోయాక దేవుడొచ్చినా చూపు తేలేడు. సెప్టెంబరు తొమ్మిదిన రండి. అది దాటితే మీరు రావద్దు, వచ్చినా నేను చేసేదేమీ లేదు."

బయటికొచ్చి ఆసుపత్రి అరుగుమీద కూర్చుని కోటిలింగం మొదటిసారి ఏడ్చాడు. పటాలు గీసే మనిషికి కళ్లు పోతే మిగిలేదేమిటి? మంగతాయారు కొంగుతో ఆయన కళ్లు తుడిచి, ఆ కనుబొమ్మలు కూడా తుడిచి, రిక్షా పిలిచింది.

మర్నాడు ఆయన వజ్రపాణి గారి గది గుమ్మంలో నిలబడ్డాడు. వజ్రపాణి గారు దుర్మార్గుడేం కాదు. కళ్లు పోతాయని విని కంగారుపడ్డారు కూడా. "మానవతా దృక్పథముతో ప్రత్యేక మార్గమును అన్వేషించెదము" అన్నారు. అన్వేషించగా, ప్రభుత్వ భూమిలో మార్పు చేసేముందు ముప్పై రోజులు నోటీసు అంటించి, ప్రజల నుంచి అభ్యంతరాలు పిలవాలనీ, ఎవరూ అభ్యంతరం చెప్పకపోతే డివిజన్ స్థాయిలోనే అనుమతి ఇచ్చేయవచ్చనీ ఒక నిబంధన దొరికింది. నోటీసు స్థలం మీదే అంటించాలి. కోటిలింగం నుదురు చాలదు గనుక, అట్టకు అంటించి దారంతో ఆయన మెడలో కట్టారు. నెల రోజులు ఆయన దాన్ని మెడలో వేసుకుని ఆఫీసుకొచ్చాడు, సంతకు వెళ్లాడు, వియ్యాలవారింట్లో విందుకు కూడా వెళ్లాడు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు? ఎవరి కనుబొమ్మలు వాళ్లకున్నాయి, జనం చదివి నవ్వుకుని పోయారు. ఇరవై తొమ్మిది రోజులు గడిచాయి. ముప్పయ్యో రోజు, సెప్టెంబరు అయిదున, సాయంత్రం నాలుగున్నరకు ఒక అభ్యంతరం వచ్చింది.

ఇచ్చినవాడు పెచ్చెట్టి గంగులు, మెరకపాడు రైతు. అతనికి రెండెకరాలుంది, ఆ రెండెకరాల్లో తాత తవ్వించిన బావి ఉంది. పదకొండేళ్ల కింద ఊరి పటానికి కొత్త నకలు తీసినప్పుడు ఉత్తరపు హద్దు గీత కాస్త పక్కకు వాలి, బావి కాస్తా పక్కవాడి చేలో పడింది. అప్పటినుంచి గంగులు తన బావిలో నీళ్లు తోడుకోవడానికి పక్కవాణ్ని బతిమాలుకుంటున్నాడు. గీత దిద్దమని కాగితం ఇచ్చి, పదకొండేళ్లుగా ప్రతి మంగళవారం ఆఫీసుకొస్తున్నాడు. 'పరిశీలనలో ఉంది' అన్న మాట తప్ప అతనికి ఇంకో జవాబు దొరకలేదు. ఆ జవాబు చెప్పే కుర్చీ కోటిలింగానిది.

అభ్యంతరం చూసి ఆఫీసంతా ఉలిక్కిపడింది. పదకొండేళ్లలో ఒక్క విచారణకు నోచుకోని గంగులుకు మూడోరోజే విచారణ పెట్టారు. ఎనిమిదో తారీఖు, పదకొండు గంటలకు. వజ్రపాణి గారి గదిలో అతనికి కుర్చీ వేశారు, టీ ఇచ్చారు. గంగులు కుర్చీ అంచుమీద కూర్చుని అటూ ఇటూ చూశాడు.

"అభ్యంతరదారు తన వాదన వినిపించవచ్చును" అన్నారు వజ్రపాణి గారు.

"వాదనేం లేదండి. పదకొండేళ్ల నుంచి తిరుగుతున్నానండి నేను. బల్లలు మారిపోయేయి, ఆఫీసర్లు మారిపోయేరు, గోడలక్కూడా రంగు మార్చేసేరు. నా కాయితం ఎవరికిచ్చేనో చెప్పమంటే, అదిగో ఆ బొమ్మలాయనకిచ్చేనండి అని చెప్పుకుంటున్నాను. అయ్యి కూడా తీసేస్తే నేనెవరికిచ్చేనని చెప్పుకోనండి? నాకున్న రుజువదొకటే."

"గంగులూ" అన్నాడు కోటిలింగం. మెడలో అట్ట ఊగుతోంది. "రేపు నాకు కంటి ఆపరేషనయ్యా. ఇవాళ ఈ వెంట్రుకలు తియ్యకపోతే రేపు డాక్టరమ్మ బల్ల ఎక్కనివ్వదు. ఎక్కకపోతే కన్ను పోతుంది."

గంగులు టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అయ్యో, ఆ మాట కాయితంలో రాయలేదేటండి! నా అభ్యంతరం నేను తీసేసుకుంటున్నానండి. ఆయన కళ్లు పోగొట్టి నా బావేం చేసుకుంటాను?"

వజ్రపాణి గారు చెయ్యి ఎత్తారు. "అభ్యంతరమును ఉపసంహరించుకొనుట అంత సులభము కాదు. ఒత్తిడికి లోనై ఉపసంహరించుకొనుచున్నారా అను విషయమై విచారణ జరుగవలెను. అందులకు ఇరవై యొక్క దినములు గడువు."

కోటిలింగం కుర్చీలో కూలబడ్డాడు. గంగులు కాసేపు అధికారిని చూశాడు, కాసేపు బల్లమీదున్న అడంగల్ ఫారాన్ని చూశాడు. అతను పదో తరగతి తప్పాడు గానీ అడంగల్ చదవడంలో మాత్రం ఆ గదిలో ఎవరికీ తీసిపోడు. పదకొండేళ్లుగా చదువుతున్నది అదొక్కటే.

"ఇదేంటండి, పంట అన్నచోట వెంట్రుకలని రాసేరు?"

"అవును" అన్నారు పుండరీకాక్షం గారు.

"భూమి సర్కారుది, అనుభవదారు ఈయన, పంట వెంట్రుకలు. అంతే కదండి? మరి కోతకొచ్చిన పంట కోసుకోడానికి ఆర్డరెందుకండి? మా ఏటి లంకల్లో సర్కారు భూమి దున్నుకునేవోళ్లు ఎంతమంది లేరు, చేను కోసుకున్నప్పుడు ఎవరొచ్చి పర్మిషనడిగేరు? భూమి ఎక్కడికీ పోదండి. అక్కడే ఉంటది. మళ్లీ పండుద్ది."

పుండరీకాక్షం గారు నిబంధనల పుస్తకం తెరిచి, పేజీలు తిప్పి, మళ్లీ తిప్పి, మూసేశారు. వజ్రపాణి గారి మొహం మెల్లగా వెలిగింది.

"యథాతథ స్థితి భూమికి వర్తించును. పంటకు వర్తించదు. పంటకోతకు ఈ శాఖ అనుమతి అనవసరము. కోసిన దిగుబడిని నమోదు చేసిన చాలును" అన్నారు. ఆ తర్కం తనదేనన్నట్టు చుట్టూ చూశారు కూడా.

ఏడుకొండలును పిలిపించారు. రాతపూర్వకంగా ఇస్తే గానీ కత్తెర తియ్యనన్నాడు. 'పంటకోత కూలీ' అని రాసిచ్చారు. అతను దువ్వెన అడ్డం పెట్టి నాలుగుసార్లు కత్తెర ఆడించాడు. రెండు నిమిషాలు పట్టింది. రాలిన వెంట్రుకల్ని కవర్లో వేసి, లక్క ముద్ర కొట్టి, 'దిగుబడి, ఖరీఫ్' అని రాసి బీరువాలో పెట్టారు. కోటిలింగం లేచి గంగులు రెండు చేతులూ పట్టుకున్నాడు.

"గంగులూ, నా కళ్లు నువ్వు పెట్టిన భిక్షయ్యా. తిరిగొచ్చాక నేను మొట్టమొదట తెరిచే పటం నీదే. నా మాట నమ్ము."

"నమ్మకపోటమేంటండి" అన్నాడు గంగులు.

ఆపరేషను బాగా జరిగింది. మూడు వారాల తర్వాత కోటిలింగం నల్ల కళ్లజోడు పెట్టుకుని ఆఫీసుకొచ్చాడు. కనుబొమ్మలు చక్కగా దిద్దినట్టున్నాయి, మొహం పదేళ్లు చిన్నదైంది. గోడమీద బల్లి తోక చివర కూడా కనిపిస్తోంది. ఆ సంతోషంలో ఆయన ఇచ్చిన మాట మరిచిపోలేదు. ఆ మాట నిజం. మంగళవారం గంగులు వచ్చి నిలబడగానే ప్యూనును పంపి మెరకపాడు పాత పటం, కొత్త నకలు రెండూ తెప్పించి బల్లమీద పరిచాడు.

తప్పు వెతకాల్సిన పని కూడా లేకపోయింది. పాత పటంలో ఉత్తరపు హద్దు బావి అవతలున్న రాయి దగ్గరకు పోయింది. కొత్త నకల్లో ఇవతలున్న రాయి దగ్గర ఆగింది. చూసి దిద్దడానికి రెండు నిమిషాలు చాలు. పదకొండేళ్లలో ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసిన మనిషి ఆ ఆఫీసులో లేడు. కోటిలింగం కలం మూత తీశాడు.

అప్పుడు నకలు అడుగున, మూలన, చిన్న అక్షరాలు కనిపించాయి. కొత్త కళ్లు కదా, స్పష్టంగా కనిపించాయి. గీసినవారు: తా.కో. తేదీ కూడా ఉంది. అప్పటికి ఆయన కళ్లల్లో శుక్లాలూ లేవు, కంటికి అడ్డంపడే కనుబొమ్మలూ లేవు.

సిగ్గేసింది. నిజంగానే సిగ్గేసింది. ఎదురుగా కళ్లిచ్చిన మనిషి నిలబడి ఉన్నాడు. దిద్దితే అతని బావి అతనికి వస్తుంది. దిద్దితే ఈ తప్పు ఎవరు చేశారని పుండరీకాక్షం గారు అడుగుతారు. పదకొండేళ్లు ఎందుకు చూడలేదని అడుగుతారు. మూడేళ్లలో రిటైరయ్యే ముందు ఒక మెమో, దానికి సంజాయిషీ, దానిమీద విచారణ. కోటిలింగం కలం పట్టుకుని అలాగే కూర్చున్నాడు. సిగ్గు ఎంతసేపని ఉంటుంది? కాసేపుండి, చూసి చూసి, లేచి వెళ్లిపోయింది. ఆయన కలం మూత పెట్టి, రెండు పటాలూ జాగ్రత్తగా చుట్టి, గంగులు అర్జీ మీద వేరే కలంతో రాశాడు: 'యథాతథ స్థితి కొనసాగించి, క్షేత్రస్థాయి కొలతలు తీయించి, పరిశీలన నిమిత్తం సమర్పించవలెను.'

రాసి తలెత్తి, 'సుముఖం' పథకం కింద ఇచ్చిన శిక్షణలో నేర్పినట్టు పై పళ్లు కనిపించేలా నవ్వాడు.

"పరిశీలనలో ఉంది గంగులూ. వచ్చే నెలాఖరుకి ఓసారి కనపడు."

గంగులు ఆయన వైపే చూశాడు. నుదుటికీ కళ్లకీ మధ్య అడ్డం ఏమీ లేదు, మొహం మొత్తం కనిపిస్తోంది. అతను కండువా దులిపి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

గేటు దగ్గర 'సుముఖం' పథకం వాళ్లు కొత్తగా ఒక బల్ల వేసి ఒక అమ్మాయిని కూర్చోబెట్టారు. బయటికొచ్చే ప్రతివాణ్నీ ఆపి ఆమె ఒకటే ప్రశ్న అడుగుతోంది.

"తాతా, లోపల సారు మొహం ఎలా ఉంది?"

"శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు గంగులు. "ఇదివరకు కసురుకుని పొమ్మనేవోరు. ఇయ్యాల నవ్వుతా పొమ్మన్నారు."

ఆ అమ్మాయి ట్యాబులో 'సంతృప్తి' అన్నచోట నొక్కి, వెనకాల ఉన్నవాణ్ని పిలిచింది.